ప్రజల డబ్బుతో రసాయన పరిశోధన: లాభం ఎక్కడ ఆగిపోతోంది?

ఒక కెమికల్ ఇంజినీరింగ్ పద్ధతికి తెలుగు జిల్లా పేరు ఉందని చెబితే చాలామంది నమ్మరు. నల్గొండ టెక్నిక్. టాంజానియా, కెన్యాల్లో తాగునీటి మీద పనిచేసే ఇంజినీర్లకు కూడా ఈ పేరు తెలుసు. మనకేమో నల్గొండ, ఫ్లోరైడ్ అనగానే వంకర తిరిగిన కాళ్ల ఫొటోలే గుర్తొస్తాయి. దానికి విరుగుడుగా పుట్టిన పద్ధతి గుర్తురాదు.

ఆ పద్ధతిని తయారుచేసింది నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ. అందరూ నీరి అంటారు. అది కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ కింద నడిచే ల్యాబ్, అంటే జీతాల దగ్గర్నుంచి గాజు బీకర్ల దాకా పన్నుల డబ్బే. ఇంటి వాడకానికైతే ఒక 40 లీటర్ల బకెట్, అడుగుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల పైన బిగించిన కుళాయి ఉంటే చాలు. నీళ్లలో కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక నీళ్లు పోసి ముందు గబగబా కలపాలి. తర్వాత కాసేపు నెమ్మదిగా తిప్పి వదిలేయాలి. గంటలో పటిక తెల్లటి మడ్డిగా విరిగి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. కుళాయిని అంత పైన ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది, మడ్డి కదలకుండా పైన ఉన్న తేట నీళ్లే బిందెలోకి రావాలి. కరెంటు అక్కర్లేదు, దిగుమతి సామాను అక్కర్లేదు. ఇదే పద్ధతిలో 1980లో అనంతపురం జిల్లా కదిరిలో పెద్ద ప్లాంటే కట్టారు.

మరి ఎక్కడ చెడింది? పటిక మోతాదు దగ్గర. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారం ఎంత అన్నదాన్ని బట్టి మోతాదు మారుతుంది. ఒక బోరుకు సరిపోయింది పక్క వీధి బోరుకు సరిపోదు. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే నీళ్లు పుల్లగా మారి అల్యూమినియం మిగులుతుంది. అంటే రోజూ కొలిచి కలిపే మనిషి కావాలి. అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. పద్ధతి కనిపెట్టడానికి డబ్బు పెట్టిన వ్యవస్థ, దాన్ని ఊళ్లో ఏళ్ల తరబడి నడిపే మనిషికి పెట్టలేదు. చాలాచోట్ల ప్లాంట్లు మూలనపడ్డాయి. చివరికి తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఒక్కటీ మిగల్లేదని 2020లో కేంద్రం లెక్క చెప్పిందంటే, అది మిషన్ భగీరథ చలవ. నల్గొండకు ఫ్లోరైడ్ పీడ వదిలింది పటికతో కాదు, కృష్ణా నీళ్లతో.

దీన్ని పట్టుకుని సర్కారీ పరిశోధన దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నదీజలం రాని ఊళ్లకు, దేశాలకు ఆ పద్ధతి ఇప్పటికీ ఒక దారి. కాకపోతే మన దగ్గర ప్రజాధనంతో జరిగే రసాయన పరిశోధనకు ఒక పాత జబ్బు ఉంది. ల్యాబ్ తలుపు దాటగానే డబ్బు ఆగిపోతుంది. పేపరు అచ్చయింది, పేటెంట్ వచ్చింది, ఫైలు మూసేశారు. అసలు లాభం మొదలయ్యేది ఆ తర్వాతే.

ఇంతకంటే బాధ కలిగించే ఉదాహరణ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. ఎయిడ్స్‌కు వచ్చిన తొలి మందు జిడోవుడిన్, ఏజడ్‌టీ అంటారు. ఆ అణువును 1964లో డెట్రాయిట్‌లో జెరోమ్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త అమెరికా ప్రభుత్వ గ్రాంటుతో తయారుచేశాడు. అప్పట్లో అది క్యాన్సర్ కోసం. పనిచేయలేదని పక్కన పడేశారు. 1987లో బరోస్ వెల్‌కమ్ కంపెనీ దాన్నే ఎయిడ్స్ మందుగా తెచ్చినప్పుడు ఒక రోగికి ఏడాదికి 8,000 నుంచి 10,000 డాలర్లు ఖర్చయ్యేది. ప్రజల డబ్బుతో పుట్టిన అణువు ప్రజలకే అందని ధరకు చేరింది.

మన దగ్గర 1970 పేటెంట్ చట్టం మందుల తయారీ విధానానికే పేటెంట్ ఇచ్చేది, మందుకు కాదు. ఇంకో దారిలో చేయగలిగితే మందు మనదే. సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ అడగడం, తార్నాకలోని సీఎస్ఐఆర్ రసాయన ల్యాబ్ ఐఐసీటీకి అప్పట్లో డైరెక్టర్‌గా ఉన్న గుంటూరు వాసి ఎ.వి. రామారావు ఆ దారి వెతికి ఇవ్వడం జరిగాయి. 1993లో సిప్లా ఏజడ్‌టీని విదేశీ ధరలో చాలా తక్కువ వంతుకే మార్కెట్లోకి తెచ్చింది. నిజాం జమానాలో 1944లో మొదలై, తర్వాత ఆర్ఆర్ఎల్‌గా జనానికి తెలిసిన ఆ ల్యాబ్ చరిత్రలో ఇది పెద్ద ఘట్టం.

రోగికి ఎప్పుడు చేరింది? ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులివ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అంటే మన ల్యాబ్ దారి చూపి, మన కంపెనీ బిళ్లలు చేసి అమ్మకానికి పెట్టాక పదకొండేళ్లకు! ఆ పదకొండేళ్లూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ తీవ్రత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. విదేశీ ధరతో పోలిస్తే ఎంత చవకైనా, కూలీనాలీ చేసుకునేవాళ్లకు నెలనెలా కొనుక్కునే స్తోమత ఎక్కడిది? ల్యాబ్ తన పని తాను చేసింది. మందు కొని ఇచ్చే పద్దు ఖజానాలో లేదు.

ఇవి రెండూ ల్యాబ్ పని అయిపోయాక జరిగిన నష్టాలు. ల్యాబ్‌కీ ఫ్యాక్టరీకీ నడుమ ఇంకో గొయ్యి ఉంది, దాని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఫార్మా ఏరియాలో ఎవరినడిగినా స్కేలప్ అంటారు, అంటే ల్యాబ్‌లో చేసినదాన్ని ఫ్యాక్టరీ స్థాయికి పెంచడం. లీటరు ఫ్లాస్కులో చక్కగా నడిచిన రియాక్షన్‌ను 5,000 లీటర్ల రియాక్టర్‌లో ఛార్జ్ చేశారనుకుందాం. సరుకు 5,000 రెట్లు పెరిగింది. వేడి బయటికి పోవాల్సిన గోడల వైశాల్యం మాత్రం సుమారు 290 రెట్లే పెరుగుతుంది. ఒక్కో లీటరుకు దక్కే గోడ దాదాపు 17వ వంతుకు పడిపోతుంది. ఫ్లాస్కులో చేత్తో పట్టుకోగలిగిన వేడి, రియాక్టర్‌లో అదుపు తప్పొచ్చు. ఈల్డ్ (చేతికొచ్చే సరుకు) పడిపోవడం, బ్యాచ్ పాడవడం చిన్న కష్టాలే, పేలిపోవడం పెద్దది. అందుకే మధ్యలో 50 లీటర్లు, 500 లీటర్లు అంటూ పైలట్ ప్లాంట్ నడిపి చూడాలి. ఈ దశలో పేపర్లు రావు, లాభమూ రాదు, ఖర్చు మాత్రం బోలెడు. యూనివర్సిటీకి అంత డబ్బుండదు, చిన్న కంపెనీకి ధైర్యముండదు. ప్రభుత్వ డబ్బు నిజంగా అవసరమయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఈ గొయ్యిని దాటిన పని ఒకటి సికింద్రాబాద్ దగ్గర బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ఉంది. అమ్ముడుపోని, కుళ్లిన కూరగాయలు రోజుకు దాదాపు 10 టన్నులు. వాటిని కన్వేయర్ మీద వేస్తే యంత్రం ముక్కలు చేస్తుంది, ఇంకోటి రుబ్బి జావగా మారుస్తుంది, ఆ జావ డైజెస్టర్‌లోకి, అంటే గాలి తగలకుండా పులిసి గ్యాస్ ఇచ్చే తొట్టిలోకి పోతుంది. వచ్చిన గ్యాస్‌ను శుభ్రం చేసి జనరేటర్‌కు పంపితే రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు, దాంతోపాటు 30 కిలోల వంట గ్యాస్. మార్కెట్ వీధి దీపాలు, దుకాణాలు, ఆఫీసు ఆ కరెంటుతో వెలుగుతాయి. గ్యాస్ క్యాంటీన్‌కు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాకే చాలామందికి దీని సంగతి తెలిసింది.

ఇందులో ఏముంది, గోబర్ గ్యాసే కదా అనిపిస్తుంది. కాదు. పేడ సాధువు, ఎలాగైనా పులుస్తుంది. కూరగాయల చెత్త అలా కాదు, త్వరగా పులిసిపోయి ఆమ్లం పెరిగి, మీథేన్ ఇచ్చే సూక్ష్మజీవుల్నే చంపేస్తుంది. కోళ్ల పెంటదింకో తలనొప్పి. నత్రజని ఎక్కువ కాబట్టి అమ్మోనియా పేరుకుంటుంది, ఫలితం మళ్లీ అదే. ఐఐసీటీ శాస్త్రవేత్త ఎ. గంగాగ్నిరావు బృందం మొదట కుస్తీ పట్టింది కోళ్ల పెంటతోనే. వాళ్లు తయారుచేసిన రియాక్టర్‌లో కలిపే మరలు ఉండవు. వచ్చిన గ్యాస్‌లో కొంత మళ్లీ లోపలికే పంపి, ఆ బుడగలతో జావను కలుపుతారు. లోపల తిరిగే సామాను లేనప్పుడు తుప్పు పట్టేదీ విరిగేదీ తక్కువ. పదేళ్లకు పైగా ఒకే సమస్యను పట్టుకుని కూర్చుంటే తప్ప ఇలాంటిది రాదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, రాష్ట్ర మార్కెటింగ్ శాఖ డబ్బు పెట్టాయి, ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కంపెనీ కట్టింది.

లెక్క వేద్దాం. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 500 యూనిట్లకు రోజుకు 5,000 రూపాయలు. ఇంత హడావుడికి ఇంతేనా అని ఆడిటర్ ముక్కున వేలేసుకోవచ్చు. కానీ ఆ 10 టన్నుల్ని లారీలకెత్తి డంపింగ్ యార్డుకు మోసే ఖర్చు తగ్గింది. అక్కడ కుళ్లి గాల్లో కలిసే మీథేన్ ఆగింది. యార్డు చుట్టుపక్కల కాలనీల వాళ్లు ముక్కు మూసుకునే బాధలో ఒక పిసరు తగ్గింది. ఇవేవీ కరెంటు బిల్లులో కనిపించవు. ఎవరి ఖాతాలోనూ రాయని లాభం కాబట్టి ప్రైవేటు పెట్టుబడి దీని వెంట పడదు.

ఖాతాలో రాయని లాభాల్లో అన్నిటికన్నా పెద్దది మనుషులు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేసింది పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఎన్‌సీఎల్‌లో, అదీ సీఎస్ఐఆర్ ల్యాబే. తర్వాత పనిచేసింది హైదరాబాద్ ఐడీపీఎల్‌లో, అది ప్రభుత్వ మందుల కంపెనీ. ఐడీపీఎల్ ఖాయిలాపడింది, పుస్తకాల్లో అది నష్టమే. అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్లు జీడిమెట్ల నుంచి పటాన్‌చెరు దాకా పెట్టిన బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్ల లెక్క మాత్రం ఆ పుస్తకాల్లో లేదు.

తెలుగువాళ్లకు కెమికల్ ఇంజినీరింగ్ ఎక్కువగా టీవీలో కనిపించేది ప్రమాదాలప్పుడే. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. స్టైరీన్ నిల్వ ఉంటే తనంతట తనే పాలిమర్‌గా మారుతూ వేడెక్కుతుంది. దాన్ని చల్లగా ఉంచాలి, ఆ మార్పును అడ్డుకునే రసాయనం ఎప్పటికప్పుడు కలపాలి. ట్యాంకు పై భాగంలో ఉష్ణోగ్రత చూసే ఏర్పాటే లేదని హైపవర్ కమిటీ తేల్చింది. ఆ రసాయనాన్ని ప్రమాదం జరిగాక గుజరాత్ నుంచి విమానంలో తెప్పించారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా కార్మికులు బలయ్యారు. ఆ తర్వాత వేసిన నిపుణుల కమిటీకి ఐఐసీటీ శాస్త్రవేత్తనే పెద్దగా పెట్టారు. ప్రమాదం జరిగాక పిలుస్తున్న మనిషిని ముందే ఎందుకు పిలవరు? ఒక రియాక్షన్ ఎంత వేడి వదులుతుంది, ఏ పొడి ఎంత నిప్పుకు అంటుకుంటుంది అని కొలిచే పరికరాలు ఖరీదైనవి. చిన్న యూనిట్లు కొనలేవు. ఆ పరీక్షలు ప్రభుత్వ ల్యాబ్‌లో నామమాత్రపు ఫీజుకు చేయించుకోవచ్చని, చేయించుకోకపోతే లైసెన్స్ రెన్యువల్ లేదని ఒక జీవో ఇస్తే, కొత్త పరిశోధనేమీ లేకుండానే ప్రాణాలు మిగులుతాయి.

ఇప్పుడు డబ్బు కదులుతోంది. 2025 జులై 1న కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకానికి ఆమోదం చెప్పింది. ప్రైవేటు రంగం పరిశోధన చేస్తే తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక రుణాలు. దేశం పరిశోధనకు పెట్టేది జీడీపీలో 0.64 శాతమే కాబట్టి ఎంతొచ్చినా మంచిదే. కానీ షరతు చూడండి. టెక్నాలజీ సంసిద్ధత నాలుగో మెట్టు, ఆపైన ఉన్న ప్రాజెక్టులకే ఆ రుణం. అంటే ల్యాబ్‌లో పనిచేస్తుందని రుజువైనవాటికి. ఆ మెట్టు దాకా తెచ్చేది మళ్లీ తార్నాక, పుణే, నాగ్‌పూర్ ల్యాబ్‌లే, వాటి పైలట్ ప్లాంట్లకు ఈ లక్ష కోట్లలో నేరుగా దక్కేది లేదు. ఇంకొకటి, రుణం తీసుకునేవాడు తిరిగి కట్టగలిగే సరుకునే ఎంచుకుంటాడు. గుజరాత్ ఆల్కలీస్ దహేజ్‌లో ఐఐసీటీ టెక్నాలజీతో పెట్టిన ఏడాదికి 10,000 టన్నుల హైడ్రజీన్ హైడ్రేట్ (మందులు, పురుగుమందుల తయారీలో వాడే రసాయనం) ప్లాంట్ లాంటివాటికి ఈ పథకం బాగా పనికొస్తుంది, దిగుమతులు తగ్గుతాయి, కొనేవాడున్నాడు. ఫ్లోరైడ్ నీళ్లకూ మార్కెట్ చెత్తకూ ఎవరు అప్పు తెచ్చి పనిచేస్తారు?

ల్యాబ్‌లను కొలిచే పద్ధతి కూడా మారాలి. పేపర్లెన్ని, పేటెంట్లెన్ని, బయటినుంచి తెచ్చిన ప్రాజెక్టు డబ్బెంత అని అడుగుతున్నంత కాలం శాస్త్రవేత్త వాటికోసమే పనిచేస్తాడు, తప్పేముంది? ప్రతి ల్యాబ్ తన వెబ్‌సైట్‌లో ఇంకో పట్టిక పెట్టాలి. ఐదేళ్ల కిందట ఎవరికి ఏ టెక్నాలజీ ఇచ్చాం, ఇవాళ అది నడుస్తోందా, ఆగితే విడిభాగం దొరక్క ఆగిందా, ఆపరేటర్‌కు జీతం రాక ఆగిందా. బోయినపల్లితోనే మొదలుపెట్టొచ్చు. ఏ నెలలో ఎన్ని టన్నులు వేశారు, ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఎన్ని రోజులు ప్లాంటు ఆగింది అన్న వివరాలు మార్కెట్ గేటు దగ్గర బోర్డు మీద రాసినా చాలు.