సవరణ: 'మాయాబజార్' బాణీలన్నీ ఘంటసాల గారివి కావు

పోయిన వారం పర్లాకిమిడిలో ముసురు పట్టి ఇల్లు కదలకుండా చూసిన సినిమాల గురించి రాస్తూ, 'మాయాబజార్' (1957) బాణీలన్నీ ఘంటసాల గారివేనన్నాను. అది తప్పు. టైటిల్స్‌లో ఆయన పేరు చూసి రాసేశాను.

ఆ సినిమాకి మొదట అనుకున్న సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు గారు. నాలుగు పాటలకు బాణీలు కట్టాక ఆయన తప్పుకున్నారు: 'శ్రీకరులు దేవతలు', 'లాహిరి లాహిరి లాహిరిలో', 'చూపులు కలసిన శుభవేళ', 'నీ కోసమె నే జీవించునది'. వాటికి వాద్యాలు సమకూర్చి రికార్డు చేసిందీ, మిగతావి కట్టిందీ ఘంటసాల గారు. మా వీధిలో పాత రికార్డులు దాచుకునే మాస్టారు ఈ పొరపాటు పట్టుకున్నారు. తర్వాత సినిమా చరిత్ర పుస్తకాల్లోనూ చూసుకున్నాను.

తెలిశాక పడవ పాట 'లాహిరి లాహిరి లాహిరిలో' మళ్లీ పెట్టుకున్నాను. శశిరేఖా అభిమన్యులు, తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, ఆపైన బలరాముడూ రేవతీ. జంట మారినా అలల మీద తేలే ఆ నడక ఎక్కడా చెదరదు. ఆ నడక రాజేశ్వరరావు గారిది. ఆ పేరు చెప్పకుండా వదిలేయడం నాకు కష్టంగా ఉంది.

ఇంకొక మాట. అదే రాతలో మరాఠీ సినిమా 'సైరాట్' (2016) రెండో సగం నెమ్మది అన్నాను. బాగాలేదన్నానని కొందరనుకున్నారు, గుణుపురంలో మా బావతో సహా. కాదు. హైదరాబాద్ పారిపోయి, భాష రాని చోట ఇరుకు గదిలో పడ్డ ఆ ప్రేమజంట ఒంటరితనం ఆ నెమ్మది వల్లే మనసుకు తగులుతుంది. గడప లోపల తెలుగు, గడప దాటితే ఒడియా అయిన మా ఒడిశా తెలుగువాళ్లకు మరీను.

పోయిన వారం రాతలో ఆ రెండు వాక్యాలూ మార్చాను.