గ్రాస్ అంటే గడ్డేనా?

మొన్న రాత్రి ఇంట్లో అందరం తెలుగు సబ్‌టైటిల్స్‌తో ఓ ఇంగ్లీషు క్రైమ్ సిరీస్ చూస్తున్నాం. లండన్ దొంగల ముఠా. ఒకడు ఇంకొకడి కాలర్ పట్టుకుని అరుస్తున్నాడు. కింద తెలుగులో వచ్చిన మాట: "నువ్వు గడ్డి!"

"గడ్డి ఏంట్రా, గడ్డి తిన్నావా అనాలి గానీ" అంది అమ్మ.

అమ్మ సవరణే నయం. బ్రిటన్ వీధుల్లో గ్రాస్ అంటే తోటి దొంగల గుట్టు పోలీసులకు చేరవేసేవాడు. 1980లలో ఉత్తర ఐర్లాండ్‌లో ఇలాంటివాళ్ళ సాక్ష్యం మీద పెద్ద పెద్ద కేసులే నడిచాయి, వాళ్ళని సూపర్‌గ్రాస్ అన్నారు. మనకి దీనికి బంగారం లాంటి మాట ఉంది: ఉప్పందించడం. "నువ్వే ఉప్పందించావు" అని రాస్తే అమ్మకి కథ అర్థమయ్యేది. ఒకటో క్లాసులో "గ్రాస్ అంటే గడ్డి" అని బట్టీ పట్టాం, అక్కడే ఆగిపోయాం. ఇప్పుడు మెషీన్లకీ అదే బట్టీ.

పేపర్లవాళ్ళు మాత్రం ఈ విషయంలో తెలివైనవాళ్ళు. వింబుల్డన్‌లో ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించిన రై గడ్డి మీద ఆడతారు కదా. 2015లో మన హైదరాబాద్ సానియా డబుల్స్ గెలిచింది దాని మీదే. మనవాళ్ళు దాన్ని "పచ్చిక కోర్టు" అంటారు. గడ్డి కోర్టు అంటే పశువుల్ని కట్టేసినట్టుంటుంది మరి! గ్రాస్‌రూట్స్‌ని కూడా వేళ్ళతో సహా పీకి తేకుండా "క్షేత్రస్థాయి" అన్నారు.

తెలుగులోంచి ఇంగ్లీషులోకి వెళ్ళినా ఇదే తంటా. పచ్చగా పెరిగేది గ్రాస్, కోసి ఎండబెట్టింది హే, నూర్చాక మిగిలింది స్ట్రా. ఇంగ్లీషులో మూడు మాటలు. మనకి పచ్చిగడ్డి, ఎండుగడ్డి, వరిగడ్డి, అన్నీ గడ్డే. కూల్‌డ్రింక్ తాగే స్ట్రా అసలు ఎండిన గడ్డిపరకే అని చెబితే మా ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు. 1888లో అమెరికాలో కాగితం స్ట్రాకి పేటెంట్ తీసుకునేదాకా అక్కడివాళ్ళు రై అనే ధాన్యపు మొక్క ఎండు కాడలతోనే పీల్చుకునేవాళ్ళు. ఇక మన గడ్డిమందుని మాటకి మాట ఇంగ్లీషులో పెడితే గడ్డికి జబ్బు చేస్తే వేసే మందు అనుకుంటారు. అది గడ్డిని చంపేది!

నాకు అసలు ఒళ్ళు మండింది మాత్రం వెదురు దగ్గర. మా అక్క కొడుకు వర్క్‌షీట్‌లో వెదురుని గ్రాస్ కింద రాశాడు. ఎర్ర సిరాతో కొట్టేసి "చెట్టు" అని రాశారు. పిల్లాడిదే కరెక్టు. వరి, జొన్న, చెరకు, వెదురు అన్నీ ఒకే గడ్డి కుటుంబం. టీచర్ని కూడా పెద్దగా అనలేను లెండి, మన చట్టమే తొంభై ఏళ్ళు ఆ తప్పు మోసింది. 1927 అటవీ చట్టంలో చెట్టు అన్న మాట కింద వెదురుని కూడా చేర్చారు. దాంతో సొంత పొలంలో పెంచుకున్న వెదురు కొట్టాలన్నా, బండికెత్తి అమ్మాలన్నా పర్మిట్ల గోల. 2017లో ఆ ఒక్క మాట తీసేశాక గానీ అడవి బయట పెంచే రైతుకి ఊపిరాడలేదు. మాటకి అర్థం తప్పు రాస్తే మార్కులే కాదు, డబ్బులూ పోతాయి.

పైగా ఇది మన భాషకి కొత్త సంగతి కాదు. జొన్నలు, కొర్రలు, సామల్ని మనం ఏమంటాం? తృణధాన్యాలు. తృణం అంటే గడ్డే కదా! ఇంత చక్కగా పేరు పెట్టిన భాషే "తృణీకరించడం" అనే మాట కూడా తయారు చేసుకుంది, అది వేరే బాధ.

ఇదంతా మా అక్క కొడుక్కి వివరించి చెప్పాను. కాసేపు ఆలోచించి, "మావయ్యా, అయితే అమ్మమ్మ నన్ను అన్నం తింటున్నావా గడ్డి తింటున్నావా అంటుంది కదా, రెండూ ఒకటేగా?" అన్నాడు.

వంటింట్లోంచి జవాబొచ్చింది: "ఆ, రాత్రికి అదే గడ్డిలో పప్పు కలిపి పెడతాను, నోరు మూసుకుని తిను."