పెసరగింజంత పేషెంటు

మానసిక వైద్యానికి మొదటి నుంచీ ఒకటే అడ్డంకి: రోగి. అడిగింది చెప్పడు, అడగనిది గంటసేపు చెబుతాడు. రెండు నెలలు వాడాల్సిన మందు నాలుగు రోజులకే ఆపేసి "పనిచెయ్యట్లేదండీ" అంటాడు. వెంట వచ్చిన బంధువు "ఏం లేదు డాక్టరుగారూ, ఊరికే ఆలోచన ఎక్కువ" అని ఫీజు కట్టకముందే రోగ నిర్ధారణ చేసేస్తాడు. గుండెకు ఈసీజీ ఉంది, షుగర్‌కు రక్తపరీక్ష ఉంది. మనసుకు ఏముంది? రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, బల్ల మీద టిష్యూ పేపర్ల డబ్బా.

ఈ చికాకును సైన్సు ఎట్టకేలకు వదిలించింది. రోగిని పక్కనపెట్టి మెదడును మాత్రం ఉంచుకుంది.

పద్ధతి చెప్పుకోవడానికి సులువే. రోగి చర్మంలోంచి చిన్న ముక్కో, కాస్త రక్తమో తీసుకుంటారు. ఆ కణాలను వెనక్కి నడిపించి, దేనిగానైనా మారగలిగే మూలకణాలుగా చేస్తారు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనకా 2006లో ఎలుక కణాలతో, ఆ మరుసటి ఏడు మనిషి కణాలతో ఈ పని చేసి చూపించాడు, 2012లో నోబెల్ అందుకున్నాడు. బాల్యంలోకి తిరిగి వెళ్లే యోగం మొత్తానికి మన చర్మానికి పట్టింది. ఆ మూలకణాలను జెల్ చుక్కలో పొదిగి, పోషక ద్రవంలో తిప్పుతూ ఉంటే వాటంతట అవే మెదడు పొరల్లా సర్దుకుంటాయి. 2013లో వియన్నాలో మ్యాడలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిక్‌ల బృందం పెంచినవి నాలుగు మిల్లీమీటర్ల దాకా ఎదిగాయి. అంటే పెసరగింజంత. పేరు ఆర్గనాయిడ్.

ఇంత బుద్ధిమంతుడైన పేషెంటు ఇంకెక్కడ దొరుకుతాడు? అపాయింట్‌మెంట్ తప్పించుకోడు. నెట్‌లో చదివొచ్చి డాక్టరుకు పాఠం చెప్పడు. మందు పోస్తే మునుగుతాడు, వద్దనడు.

ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. దీనికి ముందు ఏం చేసేవాళ్లమో చూస్తే పెసరగింజకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. 1940లలో ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కేడ్ గినీపందులకు లిథియం ఎక్కించాడు, అవి మగతగా పడుకున్నాయి, ఉన్మాదానికి మందుగా అది అక్కణ్నుంచి మనుషుల దాకా వచ్చింది. డిప్రెషన్ మందుల పరీక్షయితే మరీ ఘనం. ఎలుకను నీళ్లలో వేసి, అది ఈదడం ఎప్పుడు మానేస్తుందో గడియారం పట్టుకుని చూడటం. మందు తీసుకున్న ఎలుక ఇంకాసేపు కొట్టుకుంటే మందు మంచిదన్నమాట! ఎంతోమంది ఆఫీసర్లు తమ సిబ్బంది మీద ఇదే పరీక్ష చేస్తున్నారు, మందు లేకుండా.

ఆర్గనాయిడ్ అలా కాదు, నిజంగానే ఏదో చెబుతుంది. తిమోతీ సిండ్రోమ్ అని అరుదైన జబ్బు ఉంది. ఒక్క జన్యువులో ఒక్క అక్షరం తారుమారైతే గుండె లయ తప్పుతుంది, ఆటిజం వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియు పాష్కా బృందం ఆ పిల్లల కణాలతో రెండు రకాల మెదడు ముక్కలు పెంచి, ఒకదానికొకటి ఆనించి చూసింది. ఒక ముక్కలోంచి రెండో ముక్కలోకి సాఫీగా వెళ్లాల్సిన న్యూరాన్లు, అంటే నాడీకణాలు, కురచ గెంతులతో వెనకబడ్డాయి. బతికున్న పిల్లవాడి తల తెరిచి చూడలేని సంగతి అది. అదే బృందం 2022లో ఆర్గనాయిడ్‌ను ఎలుక పిల్ల మెదడులో నాటింది. ఎలుక మీసం కదిపితే మనిషి న్యూరాన్లు పలికాయి. శిక్షణ ఇచ్చాక, ఆ న్యూరాన్ల మీద నీలం లైటు వేస్తే ఎలుక నీళ్ల కోసం నాలుక చాపింది. ఇందులో మనిషితనం ఏముందనేవాళ్లు, ఫోను వెలిగినప్పుడు తమ చెయ్యి ఎటు పోతుందో ఓసారి చూసుకోవాలి.

చిక్కల్లా వయసుతోనే. ఆర్గనాయిడ్ ఎంత పెరిగినా గర్భంలోని శిశువు మెదడు తీరే. తొమ్మిది, పది నెలలు ఓపిగ్గా సాకితే అప్పుడే పుట్టిన బిడ్డ దశకు దగ్గరవుతుంది. స్కిజోఫ్రీనియా బయటపడేది ఎక్కువగా ఇరవై ఏళ్ల అటూఇటూ. ఇక డిప్రెషన్ సంగతి అడక్కండి. దీనికి ఇంటద్దె లేదు, రిజల్ట్స్ లేవు, పెళ్లి లేదు, విడాకులు లేవు. పక్క డిష్‌లోని ఆర్గనాయిడ్‌ను చూపించి "దాన్ని చూసి నేర్చుకో" అనేవాళ్లు లేరు. దిగులు పడటానికి దీనికి జన్యువులు తప్ప ఇంకే కారణమూ ఇవ్వలేదు పాపం. అయినా ఒకే మనిషి కణాలతో, ఒకే ద్రవంలో, ఒకే రోజు మొదలుపెట్టిన రెండు ఆర్గనాయిడ్లు ఒకలా పెరగవు. దీన్ని శాస్త్రవేత్తలు సమస్య అంటారు. కవల పిల్లల్ని పెంచినవాళ్లు నవ్వుకుంటారు.

2019లో శాన్ డియెగోలో పెంచిన ఆర్గనాయిడ్లలో విద్యుత్ తరంగాలు కనిపించాయి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మెదడు తరంగాలతో వాటిని పోల్చి చూశారు. అప్పట్నుంచి నీతిశాస్త్ర నిపుణులకు నిద్ర లేదు. దీనికి తెలివి వస్తుందా? నొప్పి తెలుస్తుందా? దీని తరఫున సమ్మతి ఎవరివ్వాలి? అడగాల్సిన ప్రశ్నలే. చర్మం ముక్క ఇచ్చిన మనిషిని "నొప్పిగా ఉందా" అని అంత శ్రద్ధగా ఎవరు ఎప్పుడడిగారో మాత్రం రికార్డుల్లో వెతకాలి.

ఆదివారం రాత్రి పదకొండు. ల్యాబ్‌లో ఒక రీసెర్చ్ అమ్మాయి పోషక ద్రవం మారుస్తోంది. రెండు మూడు రోజులకోసారి మార్చాల్సిందే, వాటికి సెలవుల్లేవు. గులాబీ రంగు ద్రవం పసుపుకు తిరిగితే ఆలస్యమైనట్టే. గింజ తగలకుండా పిపెట్‌తో పాతది సగం లాగి, కొత్తది గోడ వారగా జారవిడిచింది. లైటుకెత్తి చూస్తే మూడో వరసలో గింజలన్నీ నడిమధ్య నల్లబడి ఉన్నాయి. రక్తనాళాలు లేవు కదా, లోపలికి ఆక్సిజన్ అందక చచ్చిపోయిన కణాలు అవి. నాలుగు నెలల పని. స్టూలు మీద కూలబడింది. నిద్రపోయి మూడు రోజులైంది, ఆకలి లేదు, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాలనిపించట్లేదు.

ఫోను వెలిగింది. గైడ్ మెసేజ్: "ఎలా ఉన్నాయి?"

"రెండు వరసలు బాగున్నాయి సార్" అని టైప్ చేసి, నాలుగో వరస మూత తీసింది.