నా ముఖానికి నేనే బాధ్యుణ్ణి

మహా చిత్రకారుల ఆత్మచిత్రాల స్ఫూర్తితో నా బొమ్మ నేనే గీసుకోవాలని నిర్ణయించాను. స్ఫూర్తి చాలా వీలైన మాట. కాపీ కొట్టాడంటే నామోషీ, స్ఫూర్తి పొందాడంటే సంస్కారం. ఇందులో పెద్దలు చూపిన దారి కూడా ఉంది. అమృతా షేర్‌గిల్ 1934లో తనను తాను ఫ్రెంచ్ చిత్రకారుడు గోగాఁ బొమ్మల్లోని తహితీ దీవి స్త్రీలా చిత్రించుకుంది. ఆవిడకు బొమ్మలు వేయడం వచ్చు, నాకు రాదు. అంత చిన్న తేడాను పట్టుకుని వేలాడటం నాకిష్టం లేదు.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్‌తో మొదలుపెట్టాను. 1500లో, 28 ఏళ్ల వయసులో, భుజాల మీదికి జారే ఉంగరాల జుట్టుతో, సూటిగా మనకేసి చూస్తూ, అచ్చం ఏసుక్రీస్తులా గీసుకున్నాడు. ఒక చేత్తో కోటు అంచున ఉన్న బొచ్చును సవరించుకుంటూ ఉంటాడు. వినయం అక్కడితో ఆగలేదు, పక్కనే లాటిన్‌లో తన పేరూ ఊరూ వయసూ రాసుకున్నాడు. ఆత్మవిశ్వాసం నాకూ ఆ స్థాయిలోనే ఉంది. జుట్టే లేదు. ఆయన్ని వదిలేశాను.

తర్వాత డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్. రంగుల బొమ్మలూ, ఎచింగులూ (రాగిరేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు) అన్నీ కలిపితే 80 దాకా తన ముఖమే. 1630లో కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి, అరచేతిలో పట్టేంత ఎచింగ్ ఒకటి వేశాడు. 1656లో దివాలా తీశాడు, అయినా బొమ్మలు ఆగలేదు. చనిపోయిన ఏడాది, 1669లో కూడా గీసుకున్నాడు. ఆర్థిక పరిస్థితిలో ఆయనకూ నాకూ మంచి పోలిక ఉంది కాబట్టి ధైర్యంగా కుంచె పట్టాను. చిక్కెక్కడంటే, ఆయన ముఖంలోని ప్రతి ముడతకూ లెక్క రాసి పెట్టాడు. నేను మొదటి పావుగంటలోనే గడ్డం కింద ఉన్న రెండో గడ్డాన్ని మాఫీ చేశాను. ఆ తర్వాత కళ్ల కింద సంచులు. ఇంకాసేపటికి అద్దంలో మనిషికీ కాగితం మీద మనిషికీ ముఖపరిచయం కూడా లేకుండా పోయింది.

పోనీ నిజాయితీగా గీద్దామని మళ్లీ కూర్చున్నాను. ఆత్మచిత్రాల్లో అందరూ మనమేదో అప్పున్నట్టు ఎందుకు గుచ్చి చూస్తారో అప్పుడు తెలిసింది. వాళ్లు చూస్తున్నది మనల్ని కాదు, అద్దంలో కదిలిపోతున్న ముక్కుని. తల దించి గీత గీసి మళ్లీ ఎత్తేసరికి అక్కడ వేరే మనిషి ఉంటాడు. ఎడమ కన్ను గీసేటప్పుడు నేను అనుమానంగా ఉన్నాను. కుడి కన్ను దగ్గరికి వచ్చేసరికి ఆకలేస్తోంది. ఒకే ముఖంలో ఒక కన్ను పదిన్నరది, ఇంకోటి ఒంటిగంటది. ఇక ముక్కు. ఎదురుగా చూస్తే ముక్కుకు అసలు గీతే ఉండదు, ఉన్నదంతా నీడే. తెలియక గీత గీస్తే ఏడు అంకె అయింది. నీడ వేస్తే మీసమైంది. మీసం ఉంచేశాను.

అక్కడ జ్ఞానోదయమైంది. స్ఫూర్తి పొందాల్సింది మహనీయుల ముఖాల నుంచి కాదు, సామాన్ల నుంచి. వాన్ ఐక్ 1433లో వేసిన ఎర్ర తలపాగా మనిషి ఆయనేనని చాలామంది నమ్మకం. ఆ తలపాగాతో నా బట్టతల సమస్య తీరిపోయింది. చెవి కుదరలేదు కాబట్టి, చెవి కోసుకుని ఆ కట్టుతోనే బొమ్మ వేసుకున్న వాన్ గోలా కట్టు కట్టేశాను. మెడ భుజంలోకి ఎలా కలుస్తుందో అంతుపట్టక, అక్కడ మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో తన ఆత్మచిత్రాల్లో పెట్టుకున్న కోతిని కూర్చోబెట్టాను.

ఆ కట్టుకూ కోతికీ సొంతదార్లు ఏం అనుభవించి అవి గీశారన్నది వేరే సంగతి. మోడళ్లకు ఇవ్వడానికి డబ్బుల్లేక వాన్ గో తన ముఖాన్నే 35 సార్లకు పైగా వేశాడు. ఫ్రీదాకు 18 ఏళ్లప్పుడు, 1925లో, బస్సు ప్రమాదం జరిగితే మంచం పైన అద్దం బిగించారు. ఆవిడకు ఎదురుగా దొరికిన ముఖం అదొక్కటే. నాకూ మోడల్ దొరకలేదు. కాసేపు కూర్చోమని ఇంట్లో అడిగితే అందరికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చాయి.

మా వర్గానికి అసలైన ప్రతినిధి అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్. 1960లో పత్రిక ముఖచిత్రంగా వచ్చిన ఆత్మచిత్రంలో ఆయన వీపు మనవైపు ఉంటుంది. అద్దంలో కళ్లజోడు మెరిసి కళ్లే కనబడవు. కాన్వాస్ మీద మాత్రం కళ్లజోడు లేని కుర్రతనపు ముఖం. దాని అంచున డ్యూరర్, రెంబ్రాంట్, పికాసో, వాన్ గో ఆత్మచిత్రాలు గుచ్చి ఉంటాయి. నాలాంటివాడొకడు బయల్దేరతాడని ముందే పసిగట్టినట్టున్నాడు.

చివరికి మా చెల్లిని పిలిచి చూపించాను. తలపాగా చూసింది, కట్టు చూసింది, కోతిని కాస్త ఎక్కువసేపే చూసింది.

"అదేంటన్నయ్యా, పుట్టుమచ్చ నీకు ఎడమ చెంప మీద కదా? కుడివైపు పెట్టావేంటి?"

అద్దంలో చూసి గీస్తే అంతే. వాన్ గో కోసుకున్నది ఎడమ చెవి, బొమ్మలో కట్టు కుడి చెవికి ఉంటుంది. ఇన్నాళ్లకు మా ఇద్దరికీ ఒక ఉమ్మడి లక్షణం దొరికింది. అన్నిటికంటే ముఖ్యం, చెల్లి తప్పు పట్టింది పుట్టుమచ్చ ఒక్కదాన్నే. మిగతా ముఖం ఊసే ఎత్తలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఆ సగం నాకు చాలు.