ప్రార్థన చేసి చెప్తాను

చిత్తూరు విశ్వాసులకు దేవుని పిలుపంటే లెక్క లేదనే నింద ఈమధ్య ఎక్కువైంది. సంఘ కమిటీలో పదకొండేళ్లుగా కుర్చీ వదలనివాడిగా దీన్ని ఖండించే బాధ్యత నాది.

మాది తొందరపాటు లేని విధేయత. బైబిల్లో ఎవరిని పంపాలని దేవుడు అడగగానే యెషయా ప్రవక్త "నేనున్నాను, నన్ను పంపుము" అనేశాడు. ఎక్కడికి, బస్సు చార్జీ ఎవరిది? ఒక్క ముక్క అడగలేదు.

పోయిన నెల పాస్టరు అయ్యగారు, పలమనేరు అవతల అడవి అంచున ఉన్న పల్లెలో సండే స్కూల్ నడపడానికి మనిషి కావాలన్నారు. వెంటనే అందరం తలలు వంచాం. ప్రార్థనకే లెండి. మూడు వారాలకు ప్రభువు మాకందరికీ విడివిడిగా ఒకే జవాబిచ్చాడు: ఆ దారిలో ఏనుగులున్నాయి. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల మీద పడుతున్న మాట నిజమే. (అదే ఊరికి గవర్నమెంటు ఉద్యోగం పోస్టింగ్ పడితే ఆ ఏనుగులు ఎటు పోతాయో మాత్రం అడక్కండి.)

మా భాష బయటివాళ్లకు అర్థం కాదు. "ప్రార్థన చేసి చెప్తాను" అంటే రానని. "ఆ పల్లె మీద భారం ఉంది" అంటే ఇంకెవరైనా వెళ్లాలని. మా అబ్బాయి అమెరికా వీసాకు మాత్రం దేవుని నడిపింపు ఇంటర్వ్యూ రోజే వచ్చేసింది. సాక్ష్యం కూడా చెప్పుకున్నాం.

యోనా ప్రవక్తను ఊరికే తిడతారు. దేవుడు నీనెవెకు పొమ్మంటే యొప్పే రేవుకు దిగి, తర్షీషు ఓడకు సొంత డబ్బుతో కేవు (చార్జీ) కట్టాడు. అంత మనస్ఫూర్తిగా చేసిన పని ఇంకోటి చూపించండి! తిరుగు ప్రయాణం చేప కడుపులో, ఉచితం. పారిపోవడానికి జేబులోంచి తీస్తాం. మాట వినాలంటే రవాణా దేవుడే చూసుకోవాలి.

వేలూరు ఐడా స్కడర్ కూడా మొదట మిషనరీ పని వద్దందని మాకు కంఠస్థం. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా వచ్చి భార్య కాన్పుకు ఆడమనిషి సాయం కావాలనడం, ఆ ముగ్గురు తల్లులూ చనిపోవడం, ఆమె అమెరికా వెళ్లి డాక్టరు చదివి 1900లో తిరిగి రావడం... ఆ రెండో సగానికి వచ్చేసరికి ఆరాధన టైం అయిపోతుంది. ఆమె పెట్టిన ఆసుపత్రికి షుగర్ చూపించుకోవడానికైతే పిలవకుండానే వెళ్తాం.

ఇంతకీ ఆ పల్లెకు మనిషి దొరికింది. మా సందులో ఇడ్లీలు అమ్మే అవ్వ. బేరం వదల్లేక మూడు వారాలు చర్చికి రాలేదు. నాలుగో వారం వచ్చి, సంగతి విని, నిలబడిన చోటే "నేను పోతాలే నాయనా" అంది. ఒక్కరోజైనా ప్రార్థించకుండా ఇంత నిర్ణయమా? ఆమె ఆత్మీయ స్థితి మీద కమిటీలో టెన్షన్‌గానే ఉంది. ఏనుగుల సంగతి నేనే హెచ్చరించాను.

"అవి రాగి చేలోకొస్తాయి గానీ బడికి రావు కదా నాయనా" అని బస్సెక్కింది.