కోరంగి మడ అడవి, కొరవడిన చేతులు

సెలవు రోజుల్లో కాకినాడ దగ్గరి కోరంగి చెక్కబాట మీద నడిచి, ఫొటోలు తీసుకుని వెళ్లేవారికి ఆ బాట దాటాక ఎంత అడవి ఉందో తెలియదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం 235.70 చదరపు కిలోమీటర్లు. అందులో చాలా చోట్ల పాయలే దారి. అవి కూడా పోటు మీద ఉన్నప్పుడే పడవను లోపలికి రానిస్తాయి. మెట్ట అడవిలో బీటు తిరగడానికి మోటారు సైకిలు చాలు. ఇక్కడ పడవ, డీజిలు, పాయల లోతు తెలిసిన మనిషి కావాలి. ఖర్చు తగ్గించమన్న ప్రతిసారీ ముందుగా కోత పడేది వీటికే.

ఈ అడవిని తిరిగి పెంచిన పద్ధతి తెలిసినవారికి నా బాధ అర్థమవుతుంది. ఆటుపోట్ల నీరు అందక, ఉప్పు పేరుకుని బీడుపడిన చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నీరు వచ్చిపోయేలా చేసి, ఆ తరువాతే మొక్కలు నాటారు. అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, ఊళ్లలోని సంరక్షణ సమితులు కలిసి చేసిన పని అది. అయితే ఒండ్రు పేరుకుని ఆ కాలువలు పూడుతూనే ఉంటాయి. వేసవిలో పూడిక తీయని ఏడాది శివారు పొలానికి నీరందదని డెల్టా రైతుకు వేరే చెప్పాలా?

2023లో కేంద్రం ప్రారంభించిన మిష్టీ పథకం అయిదేళ్లలో దాదాపు 540 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవులను పెంచాలంటోంది. సంతోషమే. కానీ నాటిన మొక్కల లెక్క నివేదికకెక్కినంత సులువుగా పాత కాలువలో తీసిన బురద ఎక్కదు. ఇక అడవి భూమిని వేరే పనులకిచ్చినప్పుడు పరిహారంగా వసూలు చేసే కంపా నిధి నుంచి శాశ్వత ఉద్యోగులకు జీతాలివ్వరాదని 2018 నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిషేధాన్ని నేను తప్పుపట్టను. జీతాలు రాష్ట్రం బాధ్యతే గనుక, అటవీ సిబ్బంది ఖాళీలు నింపవలసిందీ రాష్ట్రమే.

మా బాబాయి ఒకరు తీరంలో తాత్కాలిక వాచరుగా పన్నెండేళ్లు పనిచేశారు. ఏ రేంజి అన్నది ఇక్కడ చెప్పను. కూలి రెండు మూడు నెలలకొకసారి వచ్చేది. "డీజిలు బిల్లు రాలేదురా అబ్బాయ్, ఈ వారం గట్టు మీంచే చూసొచ్చేశాం" అని ఆయన నవ్వుతూ అన్న రోజులున్నాయి. చివరకు విసిగి, అడవి పక్కనే ఉన్న రొయ్యల చెరువుకు రాత్రి కాపలాకు కుదిరారు. అక్కడ నెల తిరగగానే జీతం చేతికొస్తుంది. ఏ పాయలో ఎంత పోటుకు పడవ తేలుతుందో ఆయనకు తెలిసినదంతా ఇప్పుడు ఆ చెరువు గట్టు మీదే కూర్చుని ఉంది.

1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ, కాకినాడ తీరాల వారిని మడ చెట్టు ఎందుకని ఎవరూ అడగరు. అందుకే నేను కోరేది చిన్నది: పూడికతీతకు, డీజిలుకు, వాచర్ల కూలికి విడిగా ఒక పద్దు, ఏడాది మొదట్లోనే విడుదలయ్యే డబ్బు, పాయలెరిగిన ఊరి మనుషులతో ఆ ఖాళీల భర్తీ.