గడియ బయట, నేను లోపల

ఈ సంగతి జరిగి రెండు రోజులే అయింది. నా చొక్కా భుజం మీది మరక రెండు ఉతుకులకు లొంగలేదు కనుక, ఇప్పట్లో మరిచిపోయే అవకాశం కూడా లేదు.

మా పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పక్కింటాయనకు దూడంత కుక్క ఉంది; దాని పేరు చంటి. చంటికి గొలుసు లేదని అనడం అన్యాయం. గొలుసు ఆయన వరండాలో మేకుకు వేలాడుతూ ఉంటుంది, చంటి మా పెరట్లో ఉంటుంది. పోయిన నెలలో, 21 రోజుల పొదుగుకు 17 రోజులు ఓపికగా కూర్చున్న మా ఏడో పెట్ట గుడ్ల మీద నుంచి లేచి మేతకు వచ్చిన కాసేపట్లోనే చంటి నోట పడింది. వెళ్లి చెబితే ఆయన, "మావాడు ఏమీ చెయ్యడండీ, ఆడుకుంటాడు, అంతే" అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తేది కనబడితే కడుపు నిండిన కుక్కకైనా తరమబుద్ధి అవుతుంది. దొరికినది కదలడం మానగానే దాన్ని వదిలేసి ఇంకొకదాని వెంట పడుతుంది. కాబట్టి ఆటే అనుకోవాలి. కట్టేయమని అడిగితే, కట్టేస్తే వాడు మనసు చిన్నబుచ్చుకుంటాడని జవాబు వచ్చింది.

అందుచేత నేనే గూడు కట్టడానికి పూనుకున్నాను. కోళ్ల జాలీ అని అమ్మే పలచటి జాలీ కోళ్లను లోపల ఉంచడానికే తప్ప కుక్కను బయట ఉంచడానికి పనికిరాదని తెలుసుకుని, అర అంగుళం కన్నుల గట్టి వెల్డు జాలీ తెచ్చాను. కుక్క గోడ దగ్గరే తవ్వుతుంది కనుక, అడుగున జాలీని బయటివైపుకు రెండు అడుగుల మేర నేల మీద పరిచి, మన్ను కప్పాను. మూడు వైపులా ఆ పని పూర్తయింది. నాలుగో వైపు చెట్టు వేళ్లు అడ్డం రావడంతో దాన్ని మర్నాటికి వాయిదా వేశాను.

నా గర్వమంతా గడియ మీదే. పైకి ఎత్తి, పక్కకు తిప్పి, అప్పుడు వెనక్కి లాగితే గానీ అది రాదు. తలుపు దానంతట అదే మూసుకునేలా స్ప్రింగు కూడా బిగించాను. అది సరిగా మూసుకుంటుందో లేదో లోపలికి వెళ్లి చూస్తే బాగా తెలుస్తుందని ఎందుకు తోచిందో ఇప్పటికీ నాకు అర్థం కావడం లేదు. తలుపు బహు చక్కగా మూసుకుంది. గడియ టక్కుమని పడింది. ఫోను బయట కుర్చీ మీద ఉంది. కుక్క పంజా దూరకూడదని ఏరికోరి తెచ్చిన అర అంగుళం కన్నుల్లో నా చిటికెన వేలు కూడా మొదటి కణుపు దాటి పోలేదు.

అప్పటికి మసక చీకటి పడుతోంది. చీకటి పడితే కోడికి కన్ను ఆనదు కాబట్టి పెట్టలన్నీ వరసగా కర్ర మీదికి చేరాయి. నాలుగు అడుగుల ఎత్తు గూట్లో నిలబడే వీలు లేక నేను గొంతుకూర్చున్నాను. సరిగ్గా అప్పుడే చంటి వచ్చింది. జాలీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. మొదటి మూడు వైపులా గోళ్లతో గీకి, కింద ఇనుము తగలగానే విరమించుకుంది. నాలుగో వైపుకు చేరి, వేళ్ల మధ్య మన్ను వాసన చూసి, నా వంక ఒకసారి చూసింది. పని వాయిదా వేసినవాణ్ణి అధికారి చూసే చూపు అది.

తరువాత తవ్వడం మొదలుపెట్టింది. పక్కింటాయన గోడవతల నుంచి అరిచే మాటలన్నీ నాకు కంఠతా వచ్చు కనుక, ఆయన గొంతుతోనే "సిట్" అన్నాను. చంటి కూర్చుంది. నేను ఊపిరి తీసుకునేలోపు లేచి మళ్లీ తవ్వింది. "సిట్" అంటే కూర్చోవడం, మానేస్తే తవ్వడం, ఈ లెక్కన ఆ గొయ్యి పూర్తి కావడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను గానీ, ఆ గొయ్యికి నేను మేస్త్రీగా ఉన్నానన్నది మాత్రం వాస్తవం. చివరకు ముందు మూతి, తరువాత భుజాలు, ఆ తరువాత మిగిలిన దూడ లోపలికి వచ్చాయి. పెట్టలు గగ్గోలు పెట్టాయి. ఇంతకాలం నేను శూరుడని చెప్పుకున్న పుంజు ఎగిరి నా భుజం మీద వాలి, అక్కడి నుంచి నెత్తి మీదికి ఎక్కి, నా జుట్టును గట్టిగా పట్టుకుంది. కోళ్లకూ కుక్కకూ మధ్య రెండు చేతులూ చాచి, ఉన్న గొంతంతా పెట్టి మరొకసారి "సిట్" అన్నాను. చంటి కూర్చుని తోక ఆడించింది.

పక్కింటాయన టార్చి వేసుకుని వచ్చేసరికి మేము ఆ స్థితిలో ఉన్నాము. వెలుగు ముందు చంటి మీద, తరువాత నా మీద, తరువాత నా నెత్తి మీద పడింది.

"మావాణ్ణి ఎందుకు బంధించారండీ?" అన్నాడు ఆయన.

గొయ్యి చూపించాను. దాన్ని ఆయన చూడలేదు. గడియ ఎలా తీయాలో లోపలి నుంచి నాలుగుసార్లు వివరించవలసి వచ్చింది. ఎత్తడం, తిప్పడం వరకు బాగానే వెళ్లి, లాగడం దగ్గర ప్రతిసారీ మళ్లీ మొదటికి వచ్చేవాడు. తలుపు తెరుచుకున్నాక ఆయన ముందుగా చంటిని బయటకు రప్పించి, ముక్కు మీద గీతలేమైనా పడ్డాయేమో టార్చి వెలుగులో పరీక్షించాడు. అది అయ్యాక నాకు చెయ్యి అందించాడు.

వెళ్లబోతూ గూటి వంక మెచ్చుకోలుగా చూశాడు.

"పని గట్టిగానే ఉందండీ. మావాడికి కూడా ఇలాంటిది ఒకటి కట్టిద్దామనుకుంటున్నాను. ఇది లోపలి నుంచి తెరుచుకోదా?"

"తెరుచుకోదండి."

"అయితే వద్దులెండి" అన్నాడు. "పాపం, వాడు భయపడతాడు."